294 నిమిషాలు ఆడినా తేలని టైటిల్

జర్మనీ జాతీయ ఫుట్‌బాల్ ఛాంపియన్ల జాబితాలో 1920, 1921 సంవత్సరాల ఎదురుగా నూరెంబర్గ్ పేరు కనిపిస్తుంది. 1923 ఎదురుగా హాంబర్గ్ ఉంటుంది. మధ్యలో 1922 దగ్గర ఎవరి పేరూ ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1915 నుంచి 1919 దాకా పోటీలే జరగలేదు కాబట్టి ఆ ఖాళీలకు కారణం తెలుసు. 1922 సంగతి అది కాదు. ఆ ఏడాది ప్రాంతీయ పోటీలు సజావుగా ముగిశాయి, ఎనిమిది జట్లు చివరి దశకు వచ్చాయి, క్వార్టర్ ఫైనల్స్, సెమీ ఫైనల్స్ జరిగాయి. ఫైనల్ ఒకసారి కాదు, రెండుసార్లు ఆడారు. రెండు ఆటలూ కలిపి 294 నిమిషాలు సాగాయి. అయినా ఛాంపియన్ ఎవరో తేలలేదు. ఈ కథను చాలామంది వింతల ఖాతాలో వేసి నవ్వుకుంటారు. ఇంకొందరు, చేతికొచ్చిన టైటిల్‌ను హాంబర్గ్ వద్దనుకుంది కాబట్టి పాతకాలపు పెద్దరికానికి ఉదాహరణగా చెబుతారు. రెండూ పూర్తి నిజం కాదనిపిస్తుంది. ఆ ఖాళీ ఎవరి తప్పిదానికీ, ఎవరి త్యాగానికీ గుర్తు కాదు. ఆ పరిస్థితుల్లో నిజాయితీగా రాయగలిగిన ఫలితం అదొక్కటే. ఎందుకో చెప్పాలంటే అప్పటి ఆట ఎలా నడిచేదో ముందు చూడాలి.

ఇప్పుడు జర్మనీ అనగానే బుండెస్‌లీగా గుర్తొస్తుంది. దేశమంతటికీ ఒకే లీగ్ అన్న ఏర్పాటు 1963లో గానీ రాలేదు. అంతకుముందు ఏ ప్రాంతం పోటీలు ఆ ప్రాంతానివే. ఆ ప్రాంతాల విజేతలను వేసవిలో ఒకచోట చేర్చి నాకౌట్ పద్ధతిలో ఆడించేవారు. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు పై మెట్టుకు. లీగ్‌లో ఒక ఆట డ్రా అయినా చెరొక పాయింటు పంచుకుని ముందుకు పోవచ్చు, ఏడాది చివర లెక్క దానంతటదే తేలుతుంది. నాకౌట్‌లో ఆ వెసులుబాటు లేదు. ఏడాది కష్టమంతా ఒక్క సాయంత్రం మీద ఆధారపడుతుంది. ఆ సాయంత్రం స్కోరు సమానంగా ఉంటే ఏం చేయాలి? అప్పటి జర్మన్ ఫుట్‌బాల్ సంఘం దగ్గర ఉన్న సమాధానం ఒక్కటే: తేలేదాకా ఆడించడం. మామూలు సమయం అయిపోతే అదనపు సమయం, అదీ అయిపోతే ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఆట.

ఈ సమాధానం ఊరికే పుట్టలేదు. 1914లో మాగ్డెబర్గ్‌లో జరిగిన ఫైనల్‌లో ఫుర్త్, లైప్‌జిగ్ జట్లు ఇలాగే హోరాహోరీగా పోరాడాయి. నూటయాభై నిమిషాలు దాటాక ఫుర్త్ ఒక గోల్ వేసి 3-2తో గెలిచింది. పద్ధతి పనిచేసిందని సంఘం పెద్దలు అనుకుని ఉంటారు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు కూడా. అంతకంటే ముందు ఆ సంఘం చూసిన గొడవలు వేరే రకానివి. 1903లో, మొట్టమొదటి జాతీయ పోటీలోనే, సెమీ ఫైనల్ వాయిదా పడిందంటూ కార్ల్స్‌రూహె జట్టుకు ఎవరో దొంగ టెలిగ్రామ్ పంపారు. పాపం వాళ్ళు ప్రయాణం మానుకున్నారు, ప్రత్యర్థి ప్రాగ్ జట్టు ఆడకుండానే ఫైనల్‌కు వెళ్ళిపోయింది. 1904లో అదే కార్ల్స్‌రూహె ఆటల వేదికల విషయమై అభ్యంతరం పెట్టడంతో ఫైనల్ మొదలయ్యే కొన్ని గంటల ముందు రద్దయింది. ఆ ఏడాది కూడా జాబితాలో ఖాళీయే. కాగితాల మీది తగాదాలతో విసిగిన సంఘానికి ఫలితాన్ని మైదానానికే వదిలేయడం సహజంగానే ఉత్తమ మార్గమని తోచి ఉంటుంది. సమయం ఇస్తే చాలు, మెరుగైన జట్టు ఏదో ఒకప్పుడు బయటపడి తీరుతుందన్న నమ్మకం దాని వెనక ఉంది. 1922 ఆ నమ్మకాన్నే పరీక్షకు పెట్టింది.

అప్పటి దేశం పరిస్థితి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఓడిన యుద్ధం, కూలిన రాచరికం, రోజురోజుకూ విలువ కోల్పోతున్న మార్కు. 1922 జూన్‌లో ఒక డాలరుకు మూడువందల మార్కుల పైచిలుకు ఇస్తే సరిపోయేది, డిసెంబరు వచ్చేసరికి ఏడువేలు దాటాయి. మొదటి ఫైనల్ బెర్లిన్ పశ్చిమాన గ్రూనెవాల్డ్‌లోని పెద్ద స్టేడియంలో జరిగింది. ఆ తర్వాత ఆరు రోజులకే అదే గ్రూనెవాల్డ్‌లో విదేశాంగ మంత్రి వాల్టర్ రాతెనావ్‌ను నడిరోడ్డు మీద కాల్చి చంపారు. ఇన్ని కష్టాల మధ్య ఒక్క ఫుట్‌బాల్ మాత్రం పొంగుతూ పోయింది. 1918లో ఎనిమిది గంటల పనిదినం వచ్చింది, కార్మికుడికి సాయంత్రాలు మిగిలాయి. కందకాల వెనక ఆట నేర్చుకున్న సైనికులు ఇళ్ళకు తిరిగొచ్చారు. 1914లో రెండు లక్షల లోపున్న సంఘం సభ్యత్వం 1920 నాటికి నాలుగు లక్షలు దాటింది. అయినా ఆటగాళ్ళకు జీతం ఇవ్వడం నిషిద్ధం. వాళ్ళు పగలు ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు ఆడేవాళ్ళు. లక్షలమంది చూసే పోటీని సరదాకు ఆడేవాళ్ళ నిబంధనలతో నడపడంలో ఉన్న బిగుతు ఆ వేసవిలో బయటపడింది.

రెండు జట్లూ సామాన్యమైనవి కావు. నూరెంబర్గ్ అప్పటికి వరసగా రెండేళ్ళు ఛాంపియన్. దేశంలో చాలామందికి 'ది క్లబ్' అంటే చాలు, ఏ క్లబ్బని అడగక్కర్లేదు. దగ్గర దగ్గరగా పాస్‌లు ఇచ్చుకుంటూ ప్రత్యర్థిని నడిపించి అలసగొట్టే ఆట వాళ్ళది. గోల్‌లో హైనర్ స్టూల్‌ఫావ్ట్. తలమీద గుడ్డ టోపీ పెట్టుకుని, అవసరమైతే గోల్ వదిలి ముందుకొచ్చి కాలితో బంతిని తన్నేసే కీపర్. కీలక ఆటగాడు హన్స్ కాల్బ్ కాలు విరిగి జట్టుకు దూరమయ్యాడు. హాంబర్గ్ మాత్రం 1919లో మూడు క్లబ్బులు కలిసి ఏర్పడిన జట్టు. ఉత్తరాదివాళ్ళది వేగం, బలం. ముందువరసలో 'టుల్' హార్డర్ అనే పొడగరి, బంతి దొరికితే ఒంటరిగా గోల్ దాకా దూసుకుపోయేవాడు. మధ్యలో ఆటను నడిపించేది నార్వే నుంచి వచ్చిన ఆస్‌బ్యోర్న్ హాల్వొర్సెన్. సెమీ ఫైనల్‌లో హాంబర్గ్ 4-0తో మ్యూనిక్‌కు చెందిన వాకర్‌ను చిత్తుచేసింది. నూరెంబర్గ్ బెర్లిన్ జట్టు మీద 1-0తో గట్టెక్కింది.

జూన్ 18న బెర్లిన్‌లో సుమారు ముప్పైవేల మంది ముందు ఆట మొదలైంది. పంతొమ్మిదో నిమిషంలో రావె హాంబర్గ్‌కు గోల్ సాధించాడు. ఆ చప్పట్లు ఆగకముందే, మరుసటి నిమిషంలోనే, ట్రేగ్ స్కోరు సమం చేశాడు. ముప్పయ్యో నిమిషంలో పాప్ గోల్‌తో నూరెంబర్గ్ 2-1తో ముందుకెళ్ళింది. ఆ తర్వాత దాదాపు గంటసేపు ఆ ఒక్క గోల్ ఆధిక్యమే నిలిచింది. ఇంకో నాలుగు నిమిషాలు ఓపిక పడితే నూరెంబర్గ్ వరసగా మూడోసారి ఛాంపియన్. సరిగ్గా అప్పుడు, 86వ నిమిషంలో, ఫ్లోర్ బంతిని వలలోకి పంపాడు. 2-2. ఆ తర్వాత జరిగింది ఫుట్‌బాల్ కంటే ఓర్పు పరీక్ష. అదనపు సమయం అయిపోయింది, ఎవరూ గోల్ వేయలేదు. ఎవరు ముందు వేస్తే వాళ్ళదే అన్న లెక్కన ఆట సాగింది. సబ్‌స్టిట్యూట్లు లేని కాలం అది. కాలు పట్టేసినా, మోకాలు వాచినా దిగిన పదకొండు మందే చివరిదాకా ఉండాలి. ఫ్లడ్‌లైట్లు లేవు. 189 నిమిషాల దగ్గర చీకటి పడి బంతి కనిపించడం మానేసింది, రిఫరీ పేకో బావెన్స్ ఆట ఆపేశాడు. అంటే మామూలు ఆటలు రెండు పూర్తిచేసి ఇంకో తొమ్మిది నిమిషాలు ఆడినట్టు. ఇందులో చివరి నూట మూడు నిమిషాల్లో ఒక్క గోల్ కూడా పడలేదన్నది గమనించాలి. సమయం పెంచితే బలవంతుడు బయటపడతాడని సంఘం అనుకుంది. పెరిగిన కొద్దీ బయటపడింది అలసట ఒక్కటే. గోల్ వేయగల శక్తి ముందు పోతుంది, గోల్ పడకుండా అడ్డుపడే శక్తి కొంచెం ఆలస్యంగా పోతుంది. అందుకే సాగదీసిన ఆట ఫలితానికి దగ్గర కావడానికి బదులు దూరమైంది.

ఆగస్టు 6న లైప్‌జిగ్‌లో మళ్ళీ ఆడించారు. ఈ ఏడు వారాల్లో పత్రికలు, అభిమానులు వేడి బాగా రాజేశారు. యాభైవేలకు పైగా జనం వచ్చారు. రిఫరీ మళ్ళీ బావెన్స్. ఈసారి ఓర్పు లేదు, కసి ఉంది. పద్దెనిమిదో నిమిషంలోనే నూరెంబర్గ్ ఆటగాడు బాస్‌ను మోటుగా ఆడినందుకు బయటికి పంపారు. పదిమందితోనే, రెండో సగం మొదలైన కాసేపటికి ట్రేగ్ గోల్‌తో నూరెంబర్గ్ ముందుకెళ్ళింది. ఒక మనిషి తక్కువున్న జట్టు గోల్ వేయడం విశేషమే. 69వ నిమిషంలో ష్నైడర్ హాంబర్గ్ తరఫున సమం చేశాడు. కూగ్లర్ గాయంతో ఆట వదిలేయాల్సి వచ్చింది. నూరెంబర్గ్‌కు మిగిలింది తొమ్మిదిమంది. అదనపు సమయంలో ట్రేగ్‌నూ రిఫరీ పంపేశాడు, ఎనిమిది. అదనపు సమయం మొదటి సగం ముగిసేసరికి పాప్ కుప్పకూలి ఇక లేవలేనన్నాడు, ఏడు. ఏడుగురితో ఆట సాగించడానికి వీల్లేదని బావెన్స్ 105 నిమిషాల దగ్గర ఆపేశాడు. స్కోరు 1-1.

అసలు తగాదా ఇక్కణ్నుంచి. నిబంధన ప్రకారం చాలినంతమంది లేని జట్టు ఓడినట్టే కదా అని హాంబర్గ్ వైపువాళ్ళు. పాప్ పడిపోయింది విరామంలో, ఆట మళ్ళీ మొదలుపెట్టకుండా విరామంలో రద్దు చేయడం చెల్లదని నూరెంబర్గ్ వాళ్ళు. వ్యవహారం ఒక కమిటీ నుంచి ఇంకో కమిటీకి తిరిగింది. చివరికి నవంబరులో యేనా నగరంలో జరిగిన సంఘం సర్వసభ్య సమావేశం హాంబర్గే ఛాంపియన్ అని తేల్చింది. ఆ వెంటనే హాంబర్గ్ ప్రతినిధి లేచి, మేం ఈ టైటిల్ తీసుకోవడం లేదన్నాడు. స్వచ్ఛందంగా అన్నాడా, సంఘం పెద్దలు అలా అనిపించారా అన్నది తర్వాత కూడా చర్చగానే మిగిలింది. ముందే మాట్లాడుకున్న రాజీ అన్న కథనమే ఎక్కువగా వినిపిస్తుంది. ఏదైతేనేం, ఛాంపియన్‌కు ఇచ్చే విక్టోరియా విగ్రహం ఆ ఏడాది ఎవరి ఇంటికీ వెళ్ళలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆటలో విజేతను తేల్చే పద్ధతి న్యాయంగా ఉండాలంటే ఏం కావాలి? అది ప్రతిభను అచ్చంగా కొలవాలని మనం అనుకుంటాం. నిజానికి ఏ పద్ధతీ అంత కచ్చితంగా కొలవదు. కావలసింది ఒక్కటే, ఆ పద్ధతి ఏమిటో మైదానంలోకి దిగకముందే అందరికీ తెలిసి ఉండాలి. దీనికి ఆ రోజుల్లోనే ఒక చక్కని ఉదాహరణ ఉంది. 1924 ఇంగ్లండ్ లీగ్ చివరి రోజుకు హడర్స్‌ఫీల్డ్, కార్డిఫ్ జట్లు పోటాపోటీగా వచ్చాయి. ముగిసేసరికి ఇద్దరికీ 57 పాయింట్లే. అప్పటి నిబంధన ప్రకారం గోల్ సగటు చూశారు, అంటే వేసిన గోల్స్‌ను ఇచ్చుకున్న గోల్స్‌తో భాగించడం. హడర్స్‌ఫీల్డ్ 60 వేసి 33 ఇచ్చుకుంది. కార్డిఫ్ 61 వేసి 34 ఇచ్చుకుంది. భాగిస్తే ఒకరిది 1.818, ఇంకొకరిది 1.794. దశాంశ స్థానాల్లో ఉన్న ఆ తేడాతో హడర్స్‌ఫీల్డ్ ఛాంపియన్ అయింది. ఇప్పటి పద్ధతిలో తీసివేత చేసి చూస్తే ఇద్దరికీ 27 గోల్స్ తేడాయే వస్తుంది. అప్పుడు ఎక్కువ గోల్స్ వేసిన కార్డిఫ్ గెలిచేది. చివరి రోజు ఆటలో కార్డిఫ్ ఒక పెనాల్టీ వృథా చేసుకుంది, అది పడి ఉంటే ఏ లెక్కా అక్కర్లేకపోయేది. భాగహారం చేస్తే ఒకరు, తీసివేత చేస్తే ఇంకొకరు ఛాంపియన్ అంటే ఆ టైటిల్‌లో ప్రతిభ ఎంత, అంకగణితం ఎంత? అయినా ఆ ఫలితాన్ని కార్డిఫ్ సవాలు చేయలేదు, చేయాల్సిన పనీ లేదు. భాగహారమే చేస్తారని ఏడాది మొదట్లోనే అందరికీ తెలుసు.

మన పాఠకులకు దగ్గరి ఉదాహరణ 2019 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. ఆటా సమం, సూపర్ ఓవరూ సమం, బౌండరీల లెక్కతో ఇంగ్లండ్ గెలిచింది. నిబంధన తెలివితక్కువదని ప్రపంచమంతా తిట్టింది, కొద్ది నెలలకే ఐసీసీ దాన్ని ఎత్తేసింది కూడా. కప్పు మాత్రం వెనక్కి తీసుకోలేదు, న్యూజిలాండ్ అడగనూ లేదు. తెలివితక్కువ నిబంధన వేరు, తర్వాత పుట్టించిన నిబంధన వేరు. మొదటిది ఇద్దరికీ సమానంగా తెలివితక్కువది. రెండోదాన్ని రాసేవాడికి ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. యేనాలో చేసింది ఈ రెండోది. చీకటి పడితే ఏమిటి, విరామంలో మనిషి పడిపోతే ఏమిటి, 1-1 దగ్గర ఆగిన ఫైనల్ ఎవరిది అన్న ప్రశ్నలకు సమాధానం ఆట అయిపోయిన మూడు నెలలకు, జట్ల పేర్లు ఎదురుగా పెట్టుకుని, చేతులెత్తి తేల్చారు.

విజేత ఉండి తీరాలన్న పట్టుదల ఎక్కడికి తీసుకెళ్తుందో మూడేళ్ళకు ఇటలీ చూపించింది. 1925లో బొలోన్యా, జెనోవా జట్లు ఉత్తరాది ఫైనల్‌లో తలపడ్డాయి. చెరొక ఆట గెలవడంతో జూన్ 7న మిలాన్‌లో మూడోది పెట్టారు. జెనోవా 2-0తో ముందుంది. బొలోన్యా కొట్టిన ఒక షాట్‌ను కీపర్ బయటికి తోశాడని రిఫరీ మొదట కార్నర్ ఇచ్చాడు. నల్లచొక్కాల ఫాసిస్టులతో సహా జనం మైదానంలోకి దూసుకొచ్చి చుట్టుముట్టాక అది గోల్ అయింది. ఆట 2-2 దగ్గర ముగిసింది, అదనపు సమయం ఆడటానికి జెనోవా ఒప్పుకోలేదు. టురిన్‌లో నాలుగోసారి ఆడించారు, 1-1. ఆ రాత్రి స్టేషన్‌లో జెనోవా అభిమానుల రైలు మీద తుపాకులు పేలాయి. అయిదో ఆట ఆగస్టు 9న మిలాన్ శివారులో, ప్రేక్షకులను రానివ్వకుండా, పొద్దున ఏడు గంటలకు. బొలోన్యా 2-0తో గెలిచి ఆనక జాతీయ టైటిల్ కూడా అందుకుంది. ఆ ఊరి ఫాసిస్టు నాయకుడు లేయాండ్రో అర్పినాతి మరుసటి ఏడాది దేశ ఫుట్‌బాల్ సమాఖ్యకే అధ్యక్షుడయ్యాడు. జాబితాలో 1925 ఎదురుగా పేరుంది, ఖాళీ లేదు. వందేళ్ళు గడిచినా ఆ టైటిల్ మాదేనని జెనోవా వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. పది టైటిళ్ళు గెలిచిన క్లబ్బు చొక్కా మీద నక్షత్రం పెట్టుకోవడం ఇటలీలో ఆనవాయితీ, జెనోవా లెక్క తొమ్మిది దగ్గరే ఆగిపోయింది మరి. హాంబర్గ్ మాత్రం తన టైటిళ్ళు ఆరని చెప్పుకుంటుంది. 1922ను కలిపి ఏడంటూ పోరాటానికి దిగలేదు.

1922 ఎదురుగా ఖాళీయే సరైన ఫలితమన్న ఈ మాటకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది హాంబర్గ్ పక్షం వహించేవాళ్ళది. చాలినంతమంది ఆటగాళ్ళు ఉండాలన్నది ముందే ఉన్న నిబంధన, ఆ లెక్క తప్పింది నూరెంబర్గ్, కాబట్టి టైటిల్ హాంబర్గ్‌కు ఇవ్వడం తర్వాత పుట్టిన న్యాయం ఎలా అవుతుందని వాళ్ళ ప్రశ్న. ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. ఇద్దరు మోటుగా ఆడి బయటికెళ్ళారు, ఆ భారం నూరెంబర్గే మోయాలి. మిగతా ఇద్దరి సంగతేమిటి? కూగ్లర్, పాప్ దెబ్బలు తగిలి, అలసి పడిపోయినవాళ్ళు. గాయపడ్డవాడి బదులు ఇంకొకణ్ని దింపే వీలులేని రోజుల్లో, గాయాలను లెక్కగట్టి కప్పు ఇచ్చేస్తే, ఎదుటివాడి కాళ్ళు విరగ్గొట్టిన జట్టుకే లాభం. ఆట ఆపడం ఒక విషయం, గెలుపు ప్రకటించడం ఇంకొకటి. ఆ మధ్య దూరాన్ని దాటడానికి సంఘానికి మూడు నెలలు, అన్ని కమిటీలు పట్టాయంటేనే నిబంధన అంత స్పష్టంగా లేదని అర్థం. ఇంకో మాట. నేటి ఫుట్‌బాల్ నియమాల ప్రకారం ఒక జట్టులో ఏడుగురికంటే తగ్గితేనే ఆట ఆపాలి. అంటే అదే పరిస్థితి ఇవాళ వస్తే పాప్ పడిపోయినా ఆట సాగేది. ఒక్క మనిషి లెక్క అటూ ఇటూ కావడం మీద జాతీయ టైటిల్ నిలబడటం హాంబర్గ్‌కు కూడా గౌరవం అనిపించి ఉండదు.

పంచుకుంటే పోయేది కదా అన్నది రెండో మాట. వినడానికి ఇదే అన్నిటికంటే మంచి మాట. మన దేశంలోనే 1978 ఫెడరేషన్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ గోల్ లేకుండా డ్రా చేసుకుని ఉమ్మడి విజేతలయ్యాయి. 2002లో కొలంబోలో వరసగా రెండు రోజులు వాన కురవడంతో భారత్, శ్రీలంక ఛాంపియన్స్ ట్రోఫీని పంచుకున్నాయి. పంచుకోవడంలో అవమానమేమీ లేదు. ఆడి సమానంగా నిలిచినవాళ్ళకో, అసలు ఆడే వీలు దొరకనివాళ్ళకో అది సరిపోతుంది. లైప్‌జిగ్‌లో జరిగింది వేరు. ఒక జట్టులో ఇద్దరు బహిష్కృతులు, ఇద్దరు క్షతగాత్రులు, ఆట సగంలో ఆగింది. దాన్ని సమానమంటే హాంబర్గ్‌కు అన్యాయం, హాంబర్గ్ గెలిచిందంటే నూరెంబర్గ్‌కు అన్యాయం. ఇద్దరినీ ఛాంపియన్లనడం అంటే జరగని ముగింపును జరిగినట్టు రాయడమే.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. తప్పు నిబంధనలు రాసినవాళ్ళది, శిక్ష మాత్రం అయిదు గంటలు పరుగెత్తిన ఆటగాళ్ళకా? ఆ ఖాళీని మెచ్చుకోవడం సులువే, దానికోసం మోకాళ్ళు పగలగొట్టుకున్నవాళ్ళకు ఎలా ఉంటుంది? నిజమే. వాళ్ళకు న్యాయం జరగలేదు. కానీ ఆ అన్యాయం జూన్ 18కి ముందే జరిగిపోయింది, ఫైనల్ తేలకపోతే ఏం చేయాలో రాసిపెట్టకపోవడంలో. నవంబరులో ఓ తీర్మానంతో దాన్ని సరిదిద్దడం సాధ్యం కాదు. ఒకరి అన్యాయాన్ని ఇంకొకరికి బదిలీ చేయడం ఒక్కటే సాధ్యం. హాంబర్గ్ ఎందుకు వద్దన్నా సరే, వద్దనడం వల్ల ఆ బదిలీ ఆగింది. ఇందుకు పెద్దమనుషుల కాలం అంటూ పూలదండలు వేయనక్కర్లేదు. ఆ హాంబర్గ్ జట్టులోని టుల్ హార్డర్ తర్వాత నాజీ ఎస్ఎస్‌లో చేరి నిర్బంధ శిబిరాల్లో కాపలాదారుగా, అధికారిగా పనిచేశాడు. యుద్ధ నేరాలకు 1947లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం అతనికి పదిహేనేళ్ళ శిక్ష వేసింది. అతని పక్కన ఆడిన హాల్వొర్సెన్ నార్వేకు తిరిగి వెళ్ళి, నాజీ ఆక్రమణను ఎదిరించి, అలాంటి శిబిరాల్లోనే ఖైదీ అయ్యాడు. ఒకే చొక్కా వేసుకున్న ఇద్దరు. ఆ కాలం మనుషులు మనకంటే మంచివాళ్ళు కాబట్టి టైటిల్ వదులుకున్నారన్న కథ ఇక్కడ నిలవదు.

అనంతంగా ఆడితే ఫలితం వస్తుందన్న నమ్మకం ఫుట్‌బాల్‌కే పరిమితం కాలేదు. 1939 మార్చిలో డర్బన్‌లో ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా కాలపరిమితి లేని టెస్టు మొదలుపెట్టాయి. ఆట పదో రోజుకు చేరింది. 696 పరుగుల లక్ష్యానికి ఇంగ్లండ్ 654 చేసి, ఇంకా అయిదు వికెట్లు చేతిలో ఉండగా, ఓడ తప్పిపోతుందని వెళ్ళిపోయింది. ఫలితం డ్రా. బెర్లిన్‌లో చీకటి ఏం చేసిందో డర్బన్‌లో ఓడ అదే చేసింది. అనంతం అన్నది కాగితం మీదే ఉంటుంది, మైదానంలో ఎప్పుడో ఒకప్పుడు రైలో, వానో, ఒళ్ళో అడ్డం పడుతుంది. ఫుట్‌బాల్ పెద్దలకు ఇది తలకెక్కడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1968 యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెమీ ఫైనల్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ గోల్ లేకుండా ముగిస్తే నాణెం ఎగరేసి ఇటలీని ఫైనల్‌కు పంపారు. పెనాల్టీ షూటౌట్‌ను నియమాల్లో చేర్చింది 1970లో. షూటౌట్ అంటే లాటరీ అని ఓడినవాళ్ళంతా అంటారు. లాటరీయే కావచ్చు. అయితే టికెట్ ఇద్దరూ ముందే కొన్నారు, ఎవరి టికెట్ నంబరు ఎంతో ఎవరికీ తెలియదు, గెలిచాక కమిటీ కూర్చుని నంబరు మార్చదు. బెల్‌గ్రేడ్‌లో 1976 యూరోపియన్ ఫైనల్‌లో పశ్చిమ జర్మనీ, చెకొస్లొవేకియా జట్లు 2-2 దగ్గర ఆగాయి. బెర్లిన్‌లో 1922 నాటి స్కోరే. ఈసారి ఎవరినీ చీకటిదాకా పరుగెత్తించలేదు. ఊలి హోనెస్ పెనాల్టీని గోల్ మీదుగా ఆకాశంలోకి తన్నాడు, జర్మన్లు 5-3తో ఓడిపోయారు. ఏ కమిటీకీ ఎవరూ వెళ్ళలేదు.

రిఫరీ బావెన్స్ మీద ఆ రెండు ఆటల మచ్చ ఏమీ మిగల్లేదు. అంతర్జాతీయ మ్యాచ్‌లకు రిఫరీగా చాలా ఏళ్ళు కొనసాగాడు, రెండో యుద్ధం తర్వాత జర్మన్ ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు, 1954లో పశ్చిమ జర్మనీ ప్రపంచకప్ గెలిచినప్పుడు ఆ పదవిలో ఉన్నది అతనే. జట్ల లెక్క కూడా మైదానంలోనే తేలింది. 1923లో హాంబర్గ్ ఫైనల్‌లో బెర్లిన్ జట్టును 3-0తో ఓడించి, ఎవరూ వేలెత్తి చూపలేని మొదటి టైటిల్ తెచ్చుకుంది. 1924 జూన్‌లో నూరెంబర్గ్, హాంబర్గ్ మళ్ళీ ఫైనల్‌లో ఎదురుపడ్డాయి, వేదిక బెర్లిన్‌లోని ఆ స్టేడియమే. మొదటి సగంలో హోఖ్‌గెసాంగ్ ఒక గోల్, ఆట ముగిసే ముందు ష్ట్రోబెల్ ఇంకొకటి వేశారు. నూరెంబర్గ్ 2-0తో గెలిచింది. తొంభై నిమిషాలు సరిపోయాయి.